రెండద్దాల కిటికీలో ఆవిరి పడితే...

జగిత్యాల నుంచి కోరుట్ల దాకా బస్సులో కూర్చుని రెండు పక్కలా చూస్తూ పోతే, కొత్త ఇళ్ళు ఎన్ని లేచాయో లెక్క తేలదు. మన దగ్గర మస్కట్ పోయినా, కువైట్ పోయినా, సౌదీ పోయినా ‘దుబాయి పోయిండు’ అనే అంటాం. ఆ దుబాయి పైసలతో కట్టిన ఇల్లేదో చూడగానే చెప్పెయ్యొచ్చు. ముందు గేటు, తర్వాత మెట్ల రెయిలింగు, ఆ తర్వాత కిటికీలు. మా అత్తగారి కాలంలో కిటికీ అంటే టేకు చెక్క, ఇనుప చువ్వలు, రెండు రెక్కలు. వానాకాలం వస్తే ఆ రెక్కలు ఉబ్బి, మూస్తే తెరుచుకునేవి కావు, తెరిస్తే మూసుకునేవి కావు. ఇప్పుడు తెల్లటి యూపీవీసీ ఫ్రేములు, పక్కకు జరిగే అద్దాలు వచ్చాయి. కాస్త చెయ్యి తిరిగినవాళ్ళు డబుల్ గ్లాస్, అంటే ఒకే రెక్కలో రెండద్దాల పలకలున్న కిటికీలు పెట్టించుకుంటున్నారు.

పెట్టించుకోవడానికి కారణాలు లేకపోలేదు. మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పడమటి గదిలో ఏసీ వేసినా చల్లబడదు. సిరిసిల్లలో అయితే ఎండ సంగతి పక్కన పెట్టండి, సాంచాల చప్పుడు ఉండనే ఉంది. పక్కింట్లో మరమగ్గాలు నడుస్తుంటే పసిపిల్లను పడుకోబెట్టడం ఎంత కష్టమో ఆ తల్లులనే అడగాలి. పైగా దుబాయిలో అద్దాల పని, అల్యూమినియం పని చేసి వచ్చిన మగవాళ్ళు ఊళ్ళల్లో ఉన్నారు. అక్కడ పెద్ద పెద్ద మేడలకు బిగించిన అద్దం తన ఇంటికి ఉండాలని వాళ్ళకు అనిపిస్తే తప్పేముంది?

చిక్కంతా కొన్నేళ్ళు గడిచాక మొదలవుతుంది. ఓ వానాకాలం పొద్దున లేచి చూస్తే కిటికీ అద్దం మసకగా, పాలు కలిపిన నీళ్ళు చల్లినట్టు కనిపిస్తుంది. గుడ్డ తీసుకుని తుడుస్తాం. పోదు. బయటికి పోయి తుడుస్తాం. అయినా పోదు. “గదేందక్కా, లోపటి నుంచి తుడిసినా పోతలేదు, బయటి నుంచి తుడిసినా పోతలేదు” అని కోరుట్లలో ఒకామె నన్నే అడిగింది. ఆమె ఆ కిటికీని సబ్బునీళ్ళతో కడిగింది, నిమ్మచెక్కతో రుద్దింది, చివరికి బాత్రూములు కడిగే యాసిడ్ కూడా తెచ్చింది. ఇంతలో కిటికీల పని చేసే ఒకాయన వచ్చి చూసి, “మొత్తం కిటికీ మార్చాలమ్మా, ఫ్రేముతో సహా” అన్నాడట. ఆ ఇంట్లో అలాంటి కిటికీలు ఆరు. భర్త ఇంకా అక్కడే పని చేస్తున్నాడు. ఆరు కిటికీలంటే ఎన్ని నెలల జీతమో ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది.

ఫ్రేము మార్చాల్సిన అవసరం లేదు. చాలాసార్లు ఆ అద్దం మార్చాల్సిన తొందర కూడా ఉండదు. ఈ రెండు మాటలు చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు వేలు పెట్టి చూడండి

అద్దం మీద ఆవిరి కనిపించగానే అద్దం చెడిపోయిందని అనుకోకూడదు. ఆవిరి ఏ పక్కన ఉందో ముందు చూడాలి. గది లోపలి నుంచి వేలితో గీత గీయండి. గీత పడితే ఆవిరి లోపలి పక్కన ఉన్నట్టు. పడకపోతే బయటికి వెళ్ళి గీయండి. అక్కడ పడితే ఆవిరి బయటి పక్కది. రెండు చోట్లా గీత పడకపోతేనే అది రెండద్దాల మధ్యన ఉన్నట్టు. మూడింటికీ కారణాలు వేరు, మందులు కూడా వేరు.

లోపలి పక్కన పడితే తప్పు అద్దానిది కాదు, మన ఇంట్లో తేమ ఎక్కువైంది. చలికాలం పొద్దున్నే తలుపులన్నీ మూసి వంట చేస్తే అద్దానికి చెమట పట్టడం మామూలే. అన్నం గిన్నె నుంచి, కుక్కర్ నుంచి వచ్చే ఆవిరి మనకు కనిపిస్తుంది. కనిపించనిది గ్యాస్ మంట. గ్యాస్ కాలినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. 14.2 కిలోల సిలిండరు ఒకటి అయిపోయేసరికి 20 లీటర్లకు పైగా నీళ్ళు ఆవిరై వంటింటి గాలిలో కలుస్తాయి. అంటే పెద్ద బిందెడు నీళ్ళు! దానికి తోడు వానాకాలం బట్టలు ఇంట్లోనే దండెం కట్టి ఆరేస్తాం. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చేసే ఇళ్ళల్లో తునికాకును నీళ్ళల్లో తడిపి, తడి గోనెపట్టాలో చుట్టి అదే గదిలో పెట్టుకుంటారు. ఆ తేమ ఎక్కడికి పోతుంది? చల్లగా ఉన్న అద్దం మీద వాలుతుంది. ఫ్రిజ్‌లో నుంచి తీసిన నీళ్ళ చెంబుకు చెమట పట్టడం లాంటిదే ఇది కూడా. వంట చేసేటప్పుడు కిటికీ ఒక జానెడు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే సగం తగ్గుతుంది. ఆకుల మూట రాత్రిపూట వరండాలో పెడితే ఇంకాస్త తగ్గుతుంది. దీన్ని పట్టించుకోకపోతే మాత్రం కిటికీ మూలల్లో, పక్కన గోడ మీద నల్లటి బూజు పడుతుంది. ఆయాసం, ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆ బూజు మంచిది కాదు.

బయటి పక్కన ఆవిరి పడితే భయపడనే వద్దు. వానాకాలం గాలి నిండా తేమ ఉంటుంది. మనం రాత్రంతా ఏసీ వేసుకుని పడుకుంటాం. అద్దం చల్లబడి, బయటి తేమ దాని మీద పేరుకుంటుంది. ఎండ పొడ తగలగానే ఆరిపోతుంది. దుబాయి, మస్కట్‌లో ఎండాకాలం పొద్దున లేస్తే కిటికీలన్నీ బయటి నుంచి తడిసి నీళ్ళు కారుతుంటాయని అక్కడ పని చేసి వచ్చినవాళ్ళు చెప్తుంటారు. సముద్రం పక్కనున్న ఊళ్ళు, లోపల ఏసీలు. ఇంకేం కావాలి! ఏసీ మీటను 18 మీద కాకుండా 25, 26 మీద పెట్టుకుంటే ఈ ఆవిరీ తగ్గుతుంది, కరెంటు బిల్లూ తగ్గుతుంది.

మూడోది, మధ్యలో పడ్డదే అసలు చిక్కు.

తొక్కు జాడీ లాంటిదే

రెండద్దాల కిటికీ అంటే రెండు అద్దాలు పక్కపక్కన నిలబెట్టడం కాదు. రెండు పలకల మధ్య అంచు వెంట నాలుగు పక్కలా సన్నటి అల్యూమినియం పట్టీ ఉంటుంది. ఆ పట్టీ లోపల డొల్లగా ఉంటుంది. అందులో తేమను పీల్చే చిన్న గుళికలు పోస్తారు. కొత్త చెప్పుల డబ్బాలో, మాత్రల సీసాలో చిన్న పొట్లం వస్తుంది చూడండి, ఈ గుళికలు కూడా అదే పని చేస్తాయి. పట్టీకి, అద్దానికి మధ్య నల్లటి జిగురు, బ్యూటైల్ అంటారు, అది మొదటి సీలు. దాని బయట పాలీసల్ఫైడ్ గానీ సిలికాన్ గానీ పోసి రెండో సీలు వేస్తారు. ఇక లోపలికి గాలి పోదు, లోపలి గాలి బయటికి రాదు. కదలకుండా నిలిచిన ఆ గాలి పొరే వేడిని అడ్డుకుంటుంది. కొన్నింటిలో మామూలు గాలికి బదులు ఆర్గాన్ అనే వాయువు నింపుతారు. ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. న్యూయార్క్‌కు చెందిన థామస్ స్టెట్‌సన్ అనే ఆయన 1865లోనే రెండద్దాలను అంచుల దగ్గర మూసి బిగించడానికి పేటెంటు తీసుకున్నాడు. నూటయాభై ఏళ్ళు దాటినా తగాదా ఇంకా ఆ అంచు దగ్గరే ఉంది.

మనం మామిడికాయ తొక్కు పెట్టి జాడీకి వాసెన కడతాం కదా. వాసెన గట్టిగా ఉన్నన్ని రోజులు తొక్కు బాగుంటుంది. ఎక్కడో చిన్న సందు దొరికి చెమ్మ తగిలిందా, బూజు పడుతుంది. ఇదీ అంతే. సీలు ఎక్కడో వెంట్రుకవాసి విడిపోతే బయటి తేమ కొంచెం కొంచెంగా లోపలికి పోతుంది. మొదట్లో ఆ గుళికలు దాన్ని పీల్చేస్తాయి కాబట్టి మనకేమీ తెలియదు. గుళికలు నిండిపోయాక ఆవిరి కనిపిస్తుంది. అంటే సీలు ఊడింది నిన్న కాదు, ఎన్నో నెలల కిందట. అందుకే ‘నిన్నటి వానకే ఇట్లయింది’ అనుకోవడం సరి కాదు.

ఇంతకీ సీలు ఎందుకు ఊడుతుంది? పాతబడి ఊడితే ఎవరినీ ఏమీ అనలేం, జిగురుకూ ఒక వయసుంటుంది. మన ఎండలు ఆ వయసును తగ్గిస్తాయి. మధ్యలో ఉన్న గాలి 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు పదో వంతు ఉబ్బుతుంది. మధ్యాహ్నం ఉబ్బి అద్దాలను బయటికి తోస్తుంది, రాత్రి చల్లబడి లోపలికి లాగుతుంది. రోజూ ఇదే వరస. పడమటి కిటికీలు ముందు చెడిపోవడం మీరు గమనించే ఉంటారు. మా వాడలో చెడిన కిటికీలన్నీ పడమటివే, అవీ పైన సన్‌షేడ్ లేనివే.

అయితే ఎండ కంటే ఎక్కువ చేటు చేసేది నీళ్ళు. యూపీవీసీ ఫ్రేము అడుగున, బయటి వైపు, చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాన నీళ్ళు ట్రాక్‌లోకి దిగినా ఆ రంధ్రాల గుండా బయటికి పోవాలి. మేస్త్రి సిమెంటు పూసేటప్పుడు కొన్ని మూస్తాడు. రంగులు వేసేవాళ్ళు లప్పంతో ఇంకొన్ని మూస్తారు. మిగిలినవి దుమ్ముతో మూసుకుపోతాయి. సిరిసిల్లలో సాంచాల పక్క ఇళ్ళకు దారపు నూగు ఎక్కువ. అది తడిసి ముద్దగా ఆ రంధ్రాలకు అడ్డం పడుతుంది. అప్పుడు అద్దం అడుగు అంచు రోజుల తరబడి నీళ్ళల్లో నానుతూ ఉంటుంది. ఏ జిగురైనా ఎన్నాళ్ళు ఆగుతుంది? ఇంకో తప్పు బిగించేటప్పుడు జరుగుతుంది. అద్దాన్ని నేరుగా ఫ్రేము మీద కూర్చోబెట్టకూడదు. అడుగున చిన్న ప్లాస్టిక్ ముక్కలు పెట్టి వాటి మీద నిలబెట్టాలి. ముక్కలు పెట్టకపోతే బరువంతా ఒక మూల మీద పడుతుంది, అడుగున నీళ్ళు పోవడానికి సందు కూడా ఉండదు.

ఏ మందు పని చేయదు, ఏది చేస్తుంది

మధ్యలో ఆవిరి పడ్డాక బయటి అంచు చుట్టూ సిలికాన్ పూయిస్తే పోతుందని చాలామంది చెప్తారు. పోదు. లోపల ఉన్న తేమను లోపలే పెట్టి తాళం వేసినట్టు అవుతుంది. పైగా కొన్ని సిలికాన్‌లు పూసేటప్పుడు వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తుంది. ఆ పులుపు లోపలి సీలుకు పడదు. కిటికీ చుట్టూ గోడకు, ఫ్రేముకు మధ్య సందు పూడ్చాలన్నా సరే, ‘న్యూట్రల్ సిలికాన్’ అని ట్యూబు మీద రాసి ఉన్నదే వాడమనాలి.

హెయిర్ డ్రయ్యర్‌తో వేడి గాలి కొడితే ఆవిరి మాయమవుతుంది. అది చూసి సంతోషపడితే తెల్లారేసరికి మళ్ళీ వస్తుంది. అద్దానికి సన్నటి బెజ్జం వేసి, లోపల కడిగి, ఆరబెట్టి, మూత పెట్టే పద్ధతి ఒకటి అమెరికా లాంటి దేశాల్లో ఉంది. మసక తగ్గుతుంది గానీ వేడిని ఆపే గుణం మునుపటంత తిరిగి రాదు. టఫెన్డ్ అద్దానికైతే ఆ మాటే ఎత్తకూడదు. బెజ్జం వేయబోతే పలక మొత్తం జొన్నగింజల్లా పగిలి రాలిపోతుంది. టఫెన్డ్ అద్దం అవునో కాదో తెలుసుకోవడానికి అద్దం ఒక మూలన చిన్న ముద్ర ఉందేమో చూడండి.

మరి పని చేసే మందేమిటి? ఆ రెండద్దాల పలకను మాత్రం తీసేసి కొత్త పలక వేయించడం. ఫ్రేము అలాగే ఉంటుంది. గోడ పగలగొట్టక్కర్లేదు, రంగులు మళ్ళీ వేయక్కర్లేదు. అద్దం చుట్టూ సన్నటి ప్లాస్టిక్ బీడింగ్ ఉంటుంది. దాన్ని ఒడుపుగా ఊడదీస్తే పలక చేతికి వస్తుంది. కొత్త పలకను అదే చోట నిలబెట్టి, అదే బీడింగ్ కొట్టేస్తారు. పని తెలిసినవాడికి ఒక కిటికీకి గంట పట్టదు. కోరుట్ల ఆమెకు నేను చెప్పిందీ ఇదే. ఆమె ఇంకొక దుకాణంలో అడిగితే వాళ్ళూ అదే మాట అన్నారు. ఆరింటిలో చెడినవి రెండేనని కూడా తేలింది. మిగతా నాలుగింటికీ పడ్డది వంటింటి ఆవిరి.

కాకపోతే కొలత తప్పకూడదు. టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయడం కుదరదు. ఒక్క సూతు పెద్దదైనా మళ్ళీ కొత్తది చేయించాల్సిందే. అందుకని అద్దం పొడవు, వెడల్పు, మందం మూడూ బిగించే ఆయన చేతనే కొలిపించండి, కాగితం మీద రాయించుకోండి. మందం అంటే రెండద్దాలు, మధ్య ఖాళీ కలిపి. 5 మిల్లీమీటర్ల అద్దం, 12 ఖాళీ, మళ్ళీ 5 అద్దం అయితే మొత్తం 22. పాతదాని మందం ఎంతో కొత్తదీ అంతే ఉండాలి. సన్నగా ఉంటే బీడింగ్ వదులవుతుంది, లావుగా ఉంటే అసలు పట్టదు. రేటు ‘చదరపు అడుగుకు ఇంత’ అని చెప్తారు. అందులో రవాణా, బిగింపు కలిసి ఉన్నాయా లేవా అని అప్పుడే అడగాలి. తర్వాత అడిగితే మాట మారుతుంది.

అన్నిటికంటే ముందు పాత బిల్లు వెతకండి. రెండద్దాల పలకకు చాలామంది తయారీదారులు కొన్నేళ్ళ వారంటీ ఇస్తారు. ఎన్నేళ్ళన్నది కాగితం మీద ఉంటుంది. ఫ్రేముకు ఒక లెక్క, అద్దానికి ఒక లెక్క, హ్యాండిల్, చక్రాలకు ఇంకో లెక్క ఉంటుంది కాబట్టి అద్దం దగ్గర ఏం రాశారో చదివించుకోండి. మన ఇళ్ళల్లో బంగారం బిల్లు బీరువాలో ఉంటుంది, కిటికీల బిల్లు మేస్త్రి జేబులో ఉంటుంది. ఇల్లు కడుతున్నప్పుడే దాన్ని అడిగి తీసుకోవాలి. యజమాని ఊళ్ళో లేకపోతే ఫోటో తీసి ఫోనులో పంపి, ఇంకో కాపీ ఇంట్లో పెట్టుకోవాలి.

ఆగొచ్చా? ఆగొచ్చు

మధ్యలో ఆవిరి పడ్డ కిటికీ వల్ల ప్రమాదమేమీ లేదు. అది పడిపోదు, పగలదు. వేడిని ఆపే గుణం కొంత తగ్గుతుంది, బయట ఏముందో సరిగ్గా కనిపించదు, అంతే. బాత్రూము కిటికీ అయితే కనిపించకపోవడమే మేలు కదా! పిల్ల పెళ్ళి ముందుందా, స్కూలు ఫీజు కట్టాలా, అది చూసుకోండి. కిటికీ వచ్చే ఏడాదికి ఆగుతుంది. దుకాణంవాళ్ళు తొందరపెడితే మీరు తొందరపడకండి.

అయితే ఏళ్ళకేళ్ళు వదిలేస్తే లోపలి తేమ అద్దాన్నే తింటుంది. పలక లోపలి పక్క తెల్లటి మచ్చలు కట్టి, ఎండిపోయాక కూడా పోవు. అప్పటికి ఎలాగూ పలక మార్చేదే కాబట్టి నష్టమేమీ పెరగదు.

చెడిందో లేదో అనుమానంగా ఉంటే ఒక పరీక్ష చేయొచ్చు. సాయంత్రం అద్దం చల్లబడ్డాక స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు వేసి, గ్లాసు అడుగును లోపలి నుంచి అద్దానికి ఆనించి ఓ పది నిమిషాలు పట్టుకోండి. తీసి, పైతడి తుడిచి చూడండి. అక్కడ తుడిచినా పోని గుండ్రటి మసక కనిపిస్తే లోపల తేమ చేరినట్టే. ఎండలో కాగి ఉన్న అద్దం మీద మాత్రం ఈ పని చేయకండి, పగిలే ప్రమాదం ఉంది.

అమెరికాలో కూతురి పురుటికి వెళ్ళే తల్లులు మన ఊళ్ళల్లో చాలామందే ఉన్నారు. అక్కడ రెండద్దాల కిటికీ గొప్ప కాదు, మామూలు సంగతి. పాతబడ్డ ఇళ్ళల్లో మధ్యలో మసక పట్టిన పలకలు కూడా అంతే మామూలు. అద్దె ఇల్లయితే ఇంటాయనకు చెప్పి మార్పించుకోమనండి. పిల్లలు ఇల్లు కొనుక్కుంటుంటే, కొనేముందు ఇంటిని తనిఖీ చేసే మనిషి వస్తాడు, అతనికి కిటికీలన్నీ చూపించమనండి. ఇక చలికాలం అక్కడ లోపలి అద్దం అడుగున పొద్దున్నే నీళ్ళు నిలిస్తే అది కిటికీ తప్పు కాకపోవచ్చు. బయట మంచు, లోపల మనం మూడు పూటలా పప్పూ అన్నం ఉడికిస్తాం, బాలింతకు నీళ్ళు కాస్తాం. పొయ్యి మీద ఉన్న ఫ్యాను వేసుకుని వండితే సరిపోతుంది.

అసలు మనకు రెండద్దాలు కావాలా?

ఇల్లు ఇంకా కట్టనివాళ్ళకు నా మాట ఒకటి. ఇంటికంతా రెండద్దాలు పెట్టించడం మన ఊళ్ళకు దండగ. మనం ఏడాదిలో సగం రోజులు కిటికీలు తెరుచుకునే ఉంటాం. తెరిచిన కిటికీకి ఒకద్దమైనా ఒకటే, పదద్దాలైనా ఒకటే. ఏసీ ఉన్న గదికి, రోడ్డు పక్క గదికి, సాంచాల వైపు గదికి పెట్టించుకుంటే చాలు. నేరుగా పడే ఎండను తెల్లద్దాలు రెండున్నా పెద్దగా ఆపవు. అద్దం మీద పడకముందే దాన్ని ఆపాలి. మంచి వెడల్పు సన్‌షేడ్, బయట ఒక వెదురు తడక, కుదిరితే ఒక వేపచెట్టు, వీటి పని ఏ అద్దమూ చేయదు.

చప్పుడు సంగతికి వస్తే, సిరిసిల్లలో ఇల్లు కట్టేవాళ్ళు రెండు పలకలూ ఒకే మందంలో తీసుకోకుండా ఒకటి లావు, ఒకటి సన్నం తీసుకోవడం మంచిది. రెండూ ఒకే మందమైతే ఒకే రకం చప్పుడుకు రెండూ కలిసి అదురుతాయి. పక్కకు జరిపే కిటికీ కంటే తలుపులా తెరిచి బిగించే కిటికీ చప్పుడును బాగా ఆపుతుంది, రబ్బరు గట్టిగా నొక్కుకుంటుంది కాబట్టి. వేలెడు సందున్నా చప్పుడు దూరిపోతుంది. గోడకు, ఫ్రేముకు మధ్య సందు మిగిల్చి ఎంత ఖరీదు అద్దం పెట్టినా లాభం లేదు.

పెట్టించుకున్నాక చూసుకోవడం మన చేతిలో పని. నెలకోసారి ట్రాక్‌లో దుమ్ము పాత టూత్‌బ్రష్‌తో లాగి, ఒక చెంబు నీళ్ళు పోసి చూడండి. నిమిషంలో బయటికి పోవాలి. పోకపోతే రంధ్రాల్లో చీపురుపుల్ల పెట్టి తిప్పండి. మృగశిర కార్తెకు ముందు ఈ పని అయిపోవాలి. అద్దం తుడవడానికి నీళ్ళల్లో కాస్త వెనిగర్ కలిపి, పాత న్యూస్‌పేపరుతో తుడిస్తే చాలు. బాత్రూము యాసిడ్ ఆ దరిదాపులకు రానివ్వకండి. సిమెంటు మరకను చాకుతో గీకకండి. రబ్బరు పట్టీ ఎండి బిరుసెక్కి మూలల్లో విడిచిపెడితే ఆ పట్టీ ఒక్కటే మార్పించండి, దాని ఖర్చు తక్కువ.

ఇంకొకటి, వేడి తగ్గుతుందని రెండద్దాల కిటికీకి లోపలి నుంచి నల్లటి సన్ ఫిల్మ్ అంటించేస్తుంటారు. ఆ ఫిల్మ్ ఎండను పీల్చి లోపలి పలకను కాల్చేస్తుంది. వేడి పలకల మధ్యే నిలిచిపోతుంది. సీలు తొందరగా చెడుతుంది, మామూలు అద్దమైతే ఒక్కోసారి అంచు నుంచి బీటలు వారుతుంది. వారంటీ ఇచ్చినవాళ్ళు కూడా ఫిల్మ్ చూస్తే వెనక్కి తగ్గొచ్చు. ఫిల్మ్ కావాలంటే ముందు వాళ్ళనే అడగండి.

కొత్త పలక బిగించే రోజు వానలేని రోజు అయి ఉండాలి. మీరు పక్కనే నిలబడండి. పాత పలక తీయగానే ఫ్రేము అడుగు కనిపిస్తుంది. అక్కడ మట్టి, నూగు, పాత జిగురు శుభ్రంగా తీయించండి, రంధ్రాలు తెరిపించండి. ప్లాస్టిక్ ముక్కలు పెట్టాడో లేదో చూడండి. బిగించాక ట్రాక్‌లో నీళ్ళు పోసి, అవి బయటికి పోయాకే డబ్బులివ్వండి. పాత పలకను చెత్తలో వేయకుండా ఆయన చేతనే రెండద్దాలూ విడదీయించుకోవచ్చు. అంచుకు పట్టిన నల్ల జిగురు కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే వదులుతుంది. మచ్చలు కట్టకుండా ఉంటే ఒక పలక చదువుకునే బల్ల మీద పరచడానికి పనికొస్తుంది, కింద పిల్లల టైంటేబులు పెట్టుకోవచ్చు.